ఆరో ఇంటి గుడ్డముక్క

పునీత జోజప్ప పండగనాడు మా ఇంట్లో ఎవరెవరున్నారంటే: మంచం మీద ఒళ్ళు కాలిపోతున్న మా చెల్లి జెనిల్దా, దాని కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని అమ్మమ్మ కితేరియా, కుట్టుమిషను ముందు మా అమ్మ ఇరాసి, వాన వస్తుందేమో చూసే వంకతో మా గడపలో నిలబడ్డ పక్కింటి లిందావురా అత్త, మిషను కింద పేలికల గోతంలో గుడ్ల మీద కూర్చున్న కోడి, గూట్లో అన్నమ్మ తల్లి బొమ్మ. మూలన నేను. నాన్న లేడు. నాన్న అప్పటికి తొమ్మిది నెలలుగా మా వీధిలోనే, మా ఇంటి నుంచి ఆరో ఇంట్లో ఉంటున్నాడు.

మా పెద్రా మోల్యాదా ఊళ్ళో జోజప్ప పండగనాడు వాన పడితే ఆ ఏడు మొక్కజొన్న పండినట్టే. పడకపోతే పెర్నాంబూకు రాష్ట్రమంతా గింజలు చేతిలో పట్టుకుని ఆకాశం కేసి చూడాల్సిందే. ఆ రోజు మధ్యాహ్నం దాకా చుక్క రాలలేదు.

జెనిల్దాకి ఎనిమిదేళ్ళు. గొంతునొప్పితో మొదలై, మోకాళ్ళు బూరెల్లా ఉబ్బి, జ్వరం తగ్గకుండా ఉంది. పట్నం డాక్టరమ్మ ఛాతీ మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నది. ఈ జ్వరం గుండెని కరుస్తుందనీ, ఇరవై ఒక్క రోజులకోసారి సూది తప్పకూడదనీ చెప్పింది.

"సూది డాక్టరమ్మ పని. మొక్కు నా పని," అంది అమ్మమ్మ. చెల్లి కాళ్ళు మెల్లగా దింపి, గూటి వైపు తిరిగింది. చూపు సగం పోయినా గూడు ఎటుందో అమ్మమ్మకి తెలుసు.

"అన్నమ్మ తల్లీ, నువ్వూ దేవుడి బిడ్డకి అమ్మమ్మవే. నీకు చెప్పక్కర్లేదు. ఈ పిల్ల గుండె నాకు దక్కించు. జూన్‌లో యోహాను పండగ మంటలు వెలిగేలోగా నాలుగు బొంతలు కుట్టి పట్నంలో సిస్టర్లు నడిపే ముసలివాళ్ళ ఇంటికి ఇస్తాను. కొన్న గుడ్డ కాదు, నా ఇంటి గుడ్డ కాదు. వీధిలో ప్రతి గడపా ఎక్కి అడుక్కొచ్చిన గుడ్డ. ఒక్క గడప తప్పినా నా మొక్కు చెల్లనట్టే."

మిషను ఆగింది.

"ప్రతి గడపా అన్నావేంటమ్మా?" అంది అమ్మ.

"అన్నాను."

"ప్రతి గడపా అంటే…"

"నాకు తెలుసులేవే. పైనున్నావిడతో బేరమాడమంటావా? 'ఫలానా నీలం తలుపు ఒక్కటి వదిలెయ్ తల్లీ' అనమంటావా?"

లిందావురా అత్త గుండెల మీద శిలువ గుర్తు వేసుకుంది. "నోట్లోంచి వచ్చిన మొక్కు మార్చకూడదు ఇరాసీ. మా మేనమామ అలా మార్చే కళ్ళు పోగొట్టుకున్నాడు."

"మీ మేనమామ కళ్ళు పోయింది సారా తాగి," అంది అమ్మమ్మ.

"తాగడం మానేస్తానని మొక్కి, తర్వాత మార్చాడు. అదే చెప్తున్నా!"

జెనిల్దా జ్వరంలోనే కిలకిల నవ్వింది. తర్వాత ఎవరు వెళ్ళాలన్న మాట వచ్చింది. అమ్మమ్మ నాలుగడుగులు వెయ్యలేదు. అమ్మ మిషను మీంచి లేస్తే ఇల్లు గడవదు. అందరూ నా మూల చూశారు.

"ఈ పిల్లా?" అంది లిందావురా అత్త. "బళ్ళో హాజరు పిలిస్తే చెయ్యి ఎత్తలేక గైర్హాజరు వేయించుకునే పిల్ల ఇది. దీనికి నోరు ఉందని నేను నమ్మను."

"తెరిస్తే అదే ఉంటుంది," అంది అమ్మమ్మ.

సాయంత్రం వాన పడింది. మొక్కు అందిందని అమ్మమ్మ అన్నది.

* * *

మా ఊళ్ళో పేలికలకి కరువు లేదు. ప్రతి ఇంట్లో మిషను ఉంది. కత్తిరించిన నిక్కర్లూ చొక్కాలూ మూటలుగా వస్తాయి, కుట్టి పంపుతాం. గాలి వీస్తే ముళ్ళకంచెల నిండా రంగురంగుల ముక్కలే. మేకలు కూడా నమిలి వదిలేస్తాయి. కానీ మొక్కు గుడ్డ అది కాదు. ఆ ఇంటివాళ్ళ ఒంటి మీద నలిగినది కావాలి. దాన్ని బొంతలో వేసి కుట్టేటప్పుడు ఆ ఇంటి పేరున మంగళవార్త జపం చెప్పాలి. ముక్క ఇచ్చిన ఇల్లు కూడా మొక్కులో పాలు పంచుకున్నట్టు.

బుట్ట పట్టుకుని బయల్దేరాను. తలుపు ముందు నిలబడి "అన్నమ్మ తల్లి పేరున ఒక గుడ్డముక్క" అనాలి. మొదటి ఇంటి ముందు పావుగంట నిలబడ్డాను. చివరికి వాళ్ళ కుక్క మొరిగి నా పని చేసింది.

మంగలి నికానోర్ తాత క్షవరం చేసేటప్పుడు కప్పే దుప్పటి అంచు కోసిచ్చాడు. "ఊళ్ళో ప్రతి మగాడి వెంట్రుకా దీని మీద పడింది. ముసలమ్మలకి రాత్రుళ్ళు మంచి కలలు వస్తాయి," అన్నాడు. ఆయన భార్య ఆయన వీపు మీద ఒకటి వేసింది. లిందావురా అత్త పెళ్ళినాటి లోపావడా కుచ్చు ఇచ్చి, "పెళ్ళి నిలవకపోయినా గుడ్డ నిలిచింది చూడు," అంది. రొట్టెల బట్టీ నడిపేవాళ్ళు పిండిసంచితో కుట్టిన పిల్లల లాగు ఇచ్చారు. ఎరుపు, ఊదా, చారలు, చుక్కలు. నాలుగు రోజులు తిరిగేసరికి నా గొంతు నాకే కొత్తగా వినపడింది.

నీలం తలుపు ఇంటిని చివరికి వదిలాను.

మా వైపు తలుపులు రెండు సగాలుగా ఉంటాయి, పై రెక్క తెరిచి కింది రెక్క మూసి ఉంచుతాం. ఆ రోజు ఆ ఇంటి పై రెక్క తెరిచే ఉంది. లోపల మార్లూసి మిషను చప్పుడు. వాకిట్లో నాన్న మోటారుబండి. బట్టల మూటలు మోసేది నాన్నే. మా మూట కూడా వారానికోసారి తెచ్చి గడప ముందు పడేసి, రెండుసార్లు హారన్ కొట్టి, మేం తలుపు తీసేలోపు వెళ్ళిపోయేవాడు. లోపల ఎవరో ఏదో అన్నారు. నాన్న నవ్వాడు. మా ఇంట్లో నవ్వినట్టే నవ్వాడు.

నా చెయ్యి లేవలేదు. మేకల దారిన వెనక్కి తిరిగి వచ్చేశాను.

మిషను కింద గోతంలో పసుపు మీద చిన్న ఎర్రపూల గుడ్డ ఉంది. దాన్ని కోడి కింద నుంచి లాగాను. కొత్త గుడ్డకి గంజి ఉంటుంది, అమ్మమ్మ వేళ్ళకి తెలిసిపోతుంది. అందుకని చెరువు దగ్గరికి పట్టుకెళ్ళి మూడుసార్లు సబ్బుపెట్టి, రాతికేసి బాది, ముళ్ళకంచె మీద ఆరేశాను. ఏళ్ళ తరబడి కట్టినట్టు మెత్తబడింది.

అమ్మమ్మ ఒక్కో ముక్కా చేతిలోకి తీసుకుని "ఇది ఎవరిది?" అని అడుగుతుంటే నేను చెప్తున్నాను. పసుపు గుడ్డ చేతిలోకి వచ్చింది.

"ఇది?"

"మార్లూసిది."

అమ్మమ్మ వేళ్ళు ఆగాయి. "ఇచ్చిందా?"

"ఇచ్చింది."

"ఊరికే చేతిలో పడేసిందా, ఏమైనా అందా?"

అక్కడితో ఊరుకోవచ్చు. కానీ నాలుగు రోజులు మాట్లాడిన నోరు కదా. "జెనిల్దాకి త్వరగా తగ్గాలని చెప్పమంది," అన్నాను.

అమ్మ మిషను మీద నుంచి తల ఎత్తలేదు. సూది మాత్రం ఒకే చోట ఆగి ఉంది.

"మెత్తటి గుడ్డ," అంది అమ్మమ్మ. "మనిషిలో కూడా ఏ మూలో ఇంత మెత్తన ఉండి ఉంటుంది." దాన్ని నాలుగు ముక్కలు చేసి, బొంతకొకటి చొప్పున కుట్టింది. ఒక్కో ముక్కకీ మార్లూసి ఇంటి పేరున మంగళవార్త జపం పైకే చెప్పింది. అమ్మ కూడా పెదవులు కదిపింది. నేను చూశాను.

* * *

అమ్మమ్మ కిటికీ దగ్గర కూర్చుని కుట్టేది. కిటికీ దగ్గర కూర్చున్న మనిషి నోరు కూడా కిటికీయే. ఏప్రిల్ గడిచేసరికి వీధంతా తెలిసింది, మార్లూసి గుడ్డ ఇచ్చిందని, పిల్ల బాగుండాలని కోరిందని.

అంతకుముందు ప్రార్థనకి వస్తే ఆమె కూర్చున్న బల్ల మీద ఇంకెవరూ కూర్చునేవారు కాదు. ఇప్పుడు లిందావురా అత్తే జరిగి చోటిచ్చింది. "మనం అనుకున్నంత రాయి కాదులే," అని బయటికొచ్చాక అంది. "మీ నాన్న అమారోకి మాత్రం, గంతకి తగ్గ బొంతే దొరికింది."

ఆ ప్రార్థనలో మార్లూసి బల్ల చివర వదులు గౌనులో ముడుచుకుని కూర్చుంది. తల తిప్పి నన్ను చూసింది. ఇప్పుడు లేచి అందరిముందూ చెప్పేస్తుంది అనుకున్నాను. ఆమె చెప్పలేదు. కళ్ళు దించుకుంది.

ఏప్రిల్, మే బాగానే ఉన్నాయి. మొక్కజొన్న నడుమెత్తు పెరిగింది. జెనిల్దా మంచం దిగి, బొంతల మీద వేలుపెట్టి, "ఇది నికానోర్ తాత, ఇది బట్టీ, ఇది మార్లూసి," అని పాఠం అప్పజెప్పినట్టు చెప్పేది. డైరీలో నేనొక రోజు, అబద్ధమైనా ఆ ముక్క పని చేస్తోందని రాసుకున్నాను. ఇంకో రోజు, ఆ ఇల్లూ మా ఇల్లూ మాట్లాడుకుంటే నాన్న హారన్ కొట్టకుండా తలుపు కొడతాడేమోనని రాశాను. ఆ పేజీ తర్వాత చించేశాను.

జూన్‌లో పునీత అంతోని పండగనాడు అమ్మ లేత మొక్కజొన్నలు దంచి, పాలూ దాల్చినచెక్కా వేసి కంజికా వండింది. ఒక గిన్నెలో పోసి పైన గుడ్డ కప్పి నా చేతికిచ్చింది.

"మార్లూసికి ఇచ్చిరా."

"నేనా?"

"గుడ్డ తెచ్చింది నువ్వేగా. దారి నీకే తెలుసు."

గిన్నె ఇంకా వేడిగా ఉంది. నీలం తలుపు దాకా వెళ్ళాను. దాటిపోయాను. ప్రార్థనాలయం వెనక గోడకి ఆనుకుని కూర్చుని మొత్తం తినేశాను. నాలుక కాలింది. కొళాయి దగ్గర గిన్నె కడిగి తెచ్చాను.

అమ్మ గిన్నె అటూ ఇటూ తిప్పి చూసింది. "ఖాళీ గిన్నె తిప్పి పంపిందా? కనీసం రెండు పచ్చిమిరపకాయలైనా వెయ్యాలని తెలీదా?"

"బాగుందని చెప్పమంది," అన్నాను.

"ఊఁ," అంది అమ్మ.

* * *

జూన్ ఇరవైన జెనిల్దాకి మళ్ళీ జ్వరం వచ్చింది. ఈసారి మోకాళ్ళు కాదు. రెండడుగులు వేసి ఆయాసపడింది. దాని ఛాతీ మీద చెయ్యి పెడితే గుండె గోతంలో పడ్డ కోడిపిల్లలా కొట్టుకుంటోంది. నికానోర్ తాత తన డొక్కు కారులో పట్నం తీసుకెళ్ళాడు. డాక్టరమ్మ మందులు మార్చి, కదలనివ్వొద్దంది. పండగ తర్వాత మళ్ళీ తీసుకురమ్మంది.

బొంతలు నాలుగూ పూర్తయి మడతపెట్టి ఉన్నాయి. ఇరవై మూడున మధ్యాహ్నం సిస్టర్ల బండి వచ్చి పట్టుకెళ్తుంది. అదే సాయంత్రం మంటలు వెలుగుతాయి.

అమ్మమ్మ జపమాల వదల్లేదు. "ఎక్కడ తప్పాను తల్లీ," అంటూ గూటితో మాట్లాడుతూనే ఉంది. "ప్రతి గడపా ఎక్కింది నా మనవరాలు. నోరులేని పిల్ల, అయినా ఎక్కింది. ఇంకేం కావాలి నీకు?"

నేను పెరట్లోకి వెళ్ళిపోయాను. ఇరవై రెండో తేదీ మధ్యాహ్నం అది. అమ్మ నా వెనకే వచ్చింది, చేతిలో పై బొంత. దాన్ని కట్టెల మోపు మీద పరిచి, పసుపు ముక్క మీద వేలు పెట్టింది.

"ఇది మార్చిలో వచ్చిన మూటలోది. జేబులకి వేసిన గుడ్డ. మన ఒక్క ఇంటికే వచ్చింది."

నేను ఆ ముక్కని చేత్తో కప్పబోయాను.

"వందల జేబులు కుట్టాను నెయివా. నా చెయ్యి తెలీదా నాకు?"

"ఎప్పుడు తెలుసు?"

"నువ్వు చెప్పిన రోజే."

"మరి అమ్మమ్మకి ఎందుకు చెప్పలేదు?"

అమ్మ బొంత అంచుకి వేలాడుతున్న దారం పళ్ళతో కొరికింది. "ఆ మాట బాగుంది," అంది. "పిల్లకి తగ్గాలని ఆ మనిషి అందన్న మాట. అబద్ధమని తెలుసు. అయినా మిషను తొక్కుతుంటే రోజూ గుర్తుకొచ్చేది." మళ్ళీ, "కంజికా ఇచ్చి పంపిస్తే అప్పుడైనా తలుపు కొడతావనుకున్నాను. గిన్నెకి నీ నాలుక గీతలున్నాయి. సరిగ్గా కడగడం కూడా రాదు నీకు."

ఏడుపు వచ్చింది. అమ్మ ఓదార్చలేదు. కొట్టనూ లేదు. చిన్న కత్తెర తీసి, పసుపు ముక్క చుట్టూ కుట్లు ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టింది. విప్పుతూ, నా వైపు చూడకుండా, "ఇంకా మూడు బొంతలున్నాయి విప్పడానికి. వెళ్ళు, పొద్దు గుంకకముందే రా," అంది.

* * *

తర్వాత జరిగినవి ముందు చెప్తాను. నాలుగు బొంతలూ ఇరవై మూడున బండెక్కాయి. జెనిల్దా ఆ ఏడు మంటని కిటికీలోంచే చూసింది. జూలై చివరికి ఆయాసం తగ్గింది. ఇప్పుడు దానికి పదేళ్ళు, పద్దెనిమిది వచ్చేదాకా సూదులు తప్పవు. పరిగెత్తకూడదు, పరిగెడుతుంది. అమ్మమ్మ అది మొక్కు అంటుంది, డాక్టరమ్మ మందు అంటుంది, నన్నెవరూ అడగలేదు. నేను తెచ్చిన ముక్కని అమ్మ వేళ్ళతో ఒకసారి తడిమింది. అది ఏం గుడ్డో, ఎందుకు కుడతారో ఆమెకి తెలియకుండా ఉండదు. నాలుగు చేసి, బొమ్మ ఉన్న వైపు లోపలికి తిప్పి కుట్టింది. పైకి ఉత్త తెల్ల ముక్క. జపం మాత్రం అమ్మే చెప్పింది, ఆ ఇంట్లో ప్రతి ఒక్కరి పేరునా.

ఇరవై రెండో తేదీ ఆ మధ్యాహ్నం నేను నీలం తలుపు కొట్టాను.

పై రెక్క తీసింది మార్లూసి. నన్ను చూడగానే ఆమె ముఖం పాలిపోయింది. వెనక, బల్ల దగ్గర, నాన్న కాఫీ తాగుతున్నాడు.

"అన్నమ్మ తల్లి పేరున," అన్నాను, "ఒక గుడ్డముక్క."

"మార్చిలోనే ఇచ్చానుగా పిల్లా," అంది ఆమె గట్టిగా, లోపలికి వినపడేలా. "మర్చిపోయావా?" గొంతు అలా ఉంది కానీ కళ్ళు వేరేగా ఉన్నాయి. మూడు నెలలు ఆమె కూడా ఆ మాట మీదే బతికిందని అప్పుడు తెలిసింది నాకు. బల్ల మీద దొరికిన చోటు, బట్టీ దగ్గర పలకరింపులు. ఇంట్లో నాన్న దగ్గర కూడా.

"ఇచ్చావు," అన్నాను. "అది చిరిగిపోయింది. ఇంకొకటి కావాలి."

ఆమె ఊపిరి వదిలింది.

"ఎవరది?" అంటూ నాన్న లేచి వచ్చాడు. గడ్డం మాసి ఉంది. "నెయివా! చెల్లికి ఎలా ఉంది?"

"ఆయాసపడుతోంది."

నాన్న చేతులకి ఏం చెయ్యాలో తెలీలేదు. చొక్కా అంచు పైకి లాగి పళ్ళ మధ్య పెట్టుకున్నాడు. "ఇదిగో, ఇది తీసుకో, ఎంత కావాలంటే అంత…"

గళ్ళ చొక్కా. కాలరు కింద రెండో కుట్టు వంకర. అమ్మ వేలికి మిషను సూది దిగినప్పుడు కుట్టిన చొక్కా అది.

"అది వద్దు," అంది మార్లూసి. "అది ఈ ఇంటి గుడ్డ కాదు."

లోపలికి వెళ్ళింది. కత్తెర చప్పుడు వినపడింది, నిదానంగా, ఒకటే కోత. నాన్నా నేనూ కింది రెక్కకి అటూ ఇటూ నిలబడ్డాం. నాన్న చొక్కా సరిచేసుకున్నాడు. "బడికి వెళ్తున్నావా?" అన్నాడు. వెళ్తున్నానన్నాను.

ఆమె తిరిగొచ్చి, ముక్క అందివ్వడానికి కింది రెక్క తీసింది. అప్పుడు చూశాను. గౌను ముందు భాగం ఎత్తుగా, గుండ్రంగా ఉంది. ఆరో నెలో, ఏడో నెలో. చేతిలోని గుడ్డ తెల్లటి ఫ్లానెలు, మీద పసుపు బాతులు.

"ఒంటి మీద నలిగిన గుడ్డ కావాలి," అన్నాను. ఎలా అన్నానో తెలీదు.

"నా ఒంటి మీద రోజూ పరుచుకుని చూసుకుంటున్నాను," అంది. "నలిగింది." ముక్క నా అరచేతిలో పెట్టి వేళ్ళు మూసింది. "పిల్లకి తగ్గాలి. ఈసారి నేనే అన్నానని చెప్పు." లోపలి గదిలోకి వెళ్ళిపోయింది.

నేనింకా గడపలోనే ఉన్నాను. నాన్న నా చేతిలోని బాతుల వైపు చూశాడు, నేను నాన్న వైపు చూశాను. ఇంటికి ఎప్పుడొస్తావని ఆ చూపులో నేను అడిగింది ఆయనకి తెలుసు.

ముందు కింది రెక్క మూశాడు. అది నేలకి రాసుకునే తలుపు. మా ఇంట్లో మేం పడుకున్నాక చేసినట్టే, బొటనవేలితో కాస్త పైకి లేపి, చప్పుడు కాకుండా మూశాడు. పై రెక్క మీద చెయ్యి వేసి ఆగాడు.

"మీ అమ్మకి…" అన్నాడు.

నేను ఎదురుచూశాను.

తర్వాత అదీ మూశాడు.